పట్టిన ఊరిని ఏం చేసుకోవాలి? సివ్ 5లో గెలిచిన నగరాలు, సిటీ స్టేట్‌ల లెక్క

గంగ జాతరకు చిత్తూరు నుంచి మా బామ్మర్ది తిరుపతి వచ్చాడు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. పగలంతా వీధుల్లో వేషాలు చూసి, రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద గదిలో ల్యాప్‌టాప్ తెరిచి సివ్ 5 మొదలుపెట్టాడు. ఒక దేశాన్ని ఏలుతూ ఊళ్లు కట్టి, యుద్ధాలు చేసే కంప్యూటర్ ఆట అది. నేను మంచి నిద్రలో ఉండగా వచ్చి లేపాడు. "బావా, మాంటెజుమాది ట్లాటెలోల్కో పట్టేశా. మూడు బటన్లు వచ్చినాయి. ఏది నొక్కాలి?"

వెళ్లి చూశాను. వాడు ఇండియాతో ఆడుతున్నాడు, పట్టింది కంప్యూటర్ ఆడించే ఆస్టెక్ రాజు మాంటెజుమా ఊరు. పైన హ్యాపీనెస్, అంటే దేశ ప్రజల సంతోషం, 2 చూపిస్తోంది. ఖజానాలో బంగారం 90. సైన్యం సగం దెబ్బతిని ఉన్నా, ఇంకో ఊరి మీదికి పోవడానికి సిద్ధంగా నిలబెట్టాడు. అలాంటప్పుడు ఏ బటన్ నొక్కినా ఏదో ఒక నష్టం తప్పదు. పట్టబోయే ఊరిని ఏం చేసుకుంటామో విలుకాళ్లను తయారు చేసేటప్పుడే తేల్చుకోవాలి. గోడ కూలాక ఆలోచిద్దామంటే ఆలస్యమైపోతుంది. ఆ రాత్రి వాడికి చెప్పినదంతా, మీకూ పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పే నియమాలు సివిలైజేషన్ 5వి. ఆట 2010లో వచ్చింది. 2013లో వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ ఎక్స్‌పాన్షన్ (ఆటకు అదనంగా వేసుకునే భాగం) వేసుకుని, స్టాండర్డ్ స్పీడ్‌లో ఆడుతున్నారని అనుకుని అంకెలు ఇస్తున్నాను. ఎక్స్‌పాన్షన్లు లేని మొదటి ఆట మాత్రమే ఉంటే గూఢచారులు, మతం లాంటివి మీకు కనిపించవు. పట్టిన ఊళ్ల పద్ధతి మాత్రం చాలావరకు ఇదే.

బయలుదేరే ముందు: హ్యాపీనెస్ లెక్క వేయండి

ఈ ఆటలో ప్రతి ఊరూ కొంత అసంతృప్తి తెస్తుంది. మీరు కట్టుకున్న ఊరికి ఊరి పేరున 3, అందులో ఒక్కో జనాభాకు 1. అంటే ఆరుగురు జనాభా ఉన్న ఊరికి 3 ప్లస్ 6, మొత్తం 9. యుద్ధంలో పట్టి నేరుగా మీ పాలనలో కలుపుకున్న ఊరైతే ఊరి పేరున 5, జనాభా ఒక్కొక్కరికి 1.34 పడుతుంది. అదే ఆరుగురి ఊరు సుమారు 13 లాగేస్తుంది. అందులో కోర్ట్‌హౌస్ అనే కచేరీ కట్టేదాకా ఈ అదనపు భారం పోదు.

పట్టేటప్పుడు ఊరి జనాభా సగమైపోతుంది. కాబట్టి శత్రువు ఊరి మీద కనిపించే అంకెను సగం చేసి లెక్క వేసుకోండి. 12 ఉన్న ఊరు మీ చేతికి వచ్చేసరికి 6 అవుతుంది. ఆ 6ను పై లెక్కలో పెట్టి, మీ పైన కనిపించే హ్యాపీనెస్ నుంచి తీసేయండి. మిగిలేది సున్నా కంటే ఎక్కువుంటే ధైర్యంగా బయలుదేరండి. సున్నా కింద అయిదారు వరకైతే ఓర్చుకోవచ్చు. ఊళ్లు పెరగడం బాగా నెమ్మదిస్తుంది, సైనికుల బలం కూడా కొంత తగ్గుతుంది. మైనస్ 10 దగ్గర కొత్త సెట్లర్లు (కొత్త ఊళ్లు కట్టేవాళ్లు) తయారు కారు. ఇంకా కిందికి జారితే మీ దేశంలోనే తిరుగుబాటుదార్లు పుట్టుకొస్తారు. నేను కొత్తగా ఆడిన రోజుల్లో వరసగా మూడు ఊళ్లు పట్టి మూడింటినీ కలుపుకున్నాను. సరిహద్దులో గెలుస్తూ ఉంటే, వెనకాల నా పాత ఊళ్ల పొలాలను తిరుగుబాటుదార్లు తగలబెట్టారు. యుద్ధం ఆపి సైన్యాన్ని ఇంటికి పిలవాల్సి వచ్చింది. అందుకే ఈ లెక్క దగ్గర ఇంత పట్టుబడుతున్నాను.

ఇండియాతో ఆడేవాళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి వాళ్లకు ఒక మాట. గాంధీ ప్రత్యేక లక్షణం ప్రకారం ఊరి పేరున వచ్చే అసంతృప్తి రెట్టింపు, జనాభా వల్ల వచ్చేది సగం. ఆరుగురి ఊరిని మీరు పప్పెట్‌గా (నేరుగా కలుపుకోకుండా, కింద చెప్పబోయే పద్ధతిలో) ఉంచుకుంటే 6 ప్లస్ 3, అదీ 9 అవుతుంది. అంటే సరిగ్గా 6 దగ్గర మీకూ మిగతా దేశాలకూ లెక్క సమానం. అంతకంటే పెద్ద ఊరు పడితే మీకు లాభం. చిన్న చిన్న ఊళ్లు పోగేస్తే నష్టం. ఇండియాతో యుద్ధానికి పోయేటట్టుంటే శత్రువు రాజధాని, దాని తర్వాత పెద్ద ఊరు, ఈ రెండే చూసుకోండి. పక్కనుండే మూడు నాలుగు జనాభా ఊళ్ల జోలికి పోవద్దు.

లెక్కలో తక్కువ పడితే ముందే పూడ్చుకోండి. పట్టు, సుగంధ ద్రవ్యాల్లాంటి విలాస వస్తువులను లగ్జరీలు అంటారు. మీ దగ్గర లేని ఒక్కో లగ్జరీ సంపాదిస్తే 4 హ్యాపీనెస్ వస్తుంది. మీ దగ్గర రెండేసి ఉన్న లగ్జరీలను పొరుగు రాజులతో మార్చుకోవడం అన్నిటికంటే తేలిక. ఈ పని యుద్ధానికి ముందే చేయాలి. రెండు ఊళ్లు పట్టాక వాళ్లు మిమ్మల్ని చూసి భయపడతారు. అప్పుడు అంత మంచి బేరం దొరకదు.

ఊరు పట్టడం

దీని మీద ఎక్కువ చెప్పను. విలుకాళ్లు, కాటపుల్ట్‌లు (రాళ్లు విసిరే యంత్రాలు) ఊరి బలాన్ని తగ్గించగలరే గానీ లోపలికి పోలేరు. ఆఖరి దెబ్బ వేసి ఊళ్లోకి అడుగు పెట్టడానికి కత్తి పట్టినవాడో, ఈటె పట్టినవాడో, గుర్రపు రౌతో ఉండాలి. కాంపోజిట్ బౌమన్‌లు అనే విలుకాళ్లు నలుగురు, వెనక ఇద్దరు కత్తివీరులు ఉంటే తొలి యుగాల్లో ఏ మామూలు ఊరైనా పడుతుంది. ఆ కత్తివీరులను మొదటి రోజే గోడ దగ్గరికి తోలి చంపుకోవద్దు. ఊరి ఆరోగ్యం దాదాపు సున్నాకు వచ్చేదాకా రెండు గడుల అవతల ఉంచండి.

ఊరు పడగానే అందులోని గోడలు, బారక్స్ లాంటి సైనిక కట్టడాలు పోతాయి. మిగతావి కొన్ని నిలుస్తాయి, కొన్ని పోతాయి. ప్రపంచ అద్భుతాలు మాత్రం మీకు దక్కుతాయి. పిరమిడ్లో, గ్రేట్ లైబ్రరీయో ఉన్న ఊరికి విలువ ఎక్కువ అనేది అందుకే. కొంత బంగారం కూడా దోపిడీలో వస్తుంది.

తర్వాత రెసిస్టెన్స్, అంటే ఊరి ప్రతిఘటన, మొదలవుతుంది. ఎంత జనాభా మిగిలిందో అన్ని టర్న్‌లు (ఆటలో మీ వంతులు) ఊరు మొండికేసి కూర్చుంటుంది. ఆరుగురి ఊరైతే ఆరు టర్న్‌లు దాని నుంచి మీకు ఏమీ రాదు. అందులో ఏమీ కట్టలేరు, కొనలేరు. అసంతృప్తి మాత్రం ఊరు చేతికొచ్చిన టర్న్ నుంచే పడుతుంది. ఈ మధ్యకాలంలో పాత యజమాని ఊరిని తిరిగి లాక్కోవడానికి వస్తాడు. గోడలు లేవు కాబట్టి ఒక మంచి సైనికుణ్ణి లోపల, ఇద్దరు విలుకాళ్లను పక్కన ఉంచండి.

మూడు బటన్లు

పప్పెట్ (చెప్పుచేతల్లో ఉంచుకోవడం), అనెక్స్ (నేరుగా కలుపుకోవడం), రేజ్ (కాల్చేయడం). మొదటి రెండూ మన ప్రాంతం చరిత్ర తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతాయి. తిరుపతి పక్కనే చంద్రగిరి కోట ఉంది కదా. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, ఆ తర్వాత ఈ చంద్రగిరికి వచ్చారు. వాళ్ల కాలంలో ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ రాజు నేరుగా ఏలినవి కావు. పాలెగాళ్లు ఉండేవాళ్లు. శిస్తు వాళ్లే వసూలు చేసుకుని రాజుకు కప్పం కట్టేవాళ్లు, యుద్ధం వస్తే సైన్యం పంపేవాళ్లు. వాళ్ల పాలెంలో ఏ చెరువు తవ్వాలో, ఏ మండపం కట్టాలో వాళ్లిష్టం. పప్పెట్ ఊరు సరిగ్గా ఇలాంటిదే. అందులో ఏం కట్టాలో మీరు చెప్పలేరు. ఆ ఊరే నిర్ణయించుకుంటుంది, ఎక్కువగా బంగారం వైపు మొగ్గుతుంది. వచ్చే బంగారం మీది. సైన్సు, కల్చర్ మాత్రం నాలుగో వంతు తగ్గి వస్తాయి. సైనికులను తయారు చేయదు, అద్భుతాలు కట్టదు. వెనిస్‌తో ఆడుతుంటే తప్ప అందులో మీరు ఏదీ కొనలేరు. దానికి బదులుగా అసంతృప్తి మామూలు ఊరంతే ఉంటుంది, కల్చర్‌తో కొనుక్కునే పాలసీల ధర పెరగదు.

అందుకే మొదట పప్పెట్ నొక్కండి. పది సార్లలో తొమ్మిది సార్లు ఇదే సరైనది. పప్పెట్‌ను ఎప్పుడైనా తర్వాత అనెక్స్ చేసుకోవచ్చు. ఒకసారి అనెక్స్ చేసినదాన్ని మళ్లీ పప్పెట్ చేయలేరు. వెనక్కి రాలేని దారి ఎప్పుడైనా ఆఖర్న తీసుకోవాలి.

పప్పెట్ ఊరి చేత మీ మాట వినిపించే ఉపాయం ఒకటుంది. ఊళ్లో ఏం కట్టాలో చెప్పలేకపోయినా, చుట్టూ ఉన్న భూమి మీ వర్కర్ల చేతిలోనే ఉంటుంది. ట్రేడింగ్ పోస్ట్‌లు వేయించండి. ఊరికి బంగారం మీదే ధ్యాస కాబట్టి జనం వాటి మీదికే పోతారు. పొలాలు తక్కువ ఉంటే జనాభా కూడా అదుపులో ఉంటుంది, అసంతృప్తి పెరగదు. పప్పెట్ ఊరు ఎంత పెద్దదైతే అంత మంచిదని చాలామంది పొరపడతారు. హ్యాపీనెస్ దండిగా లేనంతవరకు, ఏడెనిమిది జనాభా దగ్గర ఆగిపోయి నెమ్మదిగా బంగారం ఇస్తూ ఉండే పప్పెట్ చాలా మేలు.

ఇక అనెక్స్. 1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి అప్పగించాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. తిరుమలలో మన్రో గంగాళం పేరు విననివాళ్లు మన దగ్గర ఉండరు, ఆ మన్రోనే. మదనపల్లె, వాయల్పాడు వైపు ప్రాంతాలు కూడా అప్పుడు ఆయన కిందికే వచ్చాయి. పాలెగాళ్ల ఆయుధాలు తీసేసి, శిస్తును నేరుగా కంపెనీ లెక్కలోకి తెచ్చే పని పెట్టుకున్నాడు. దానికి సైన్యమూ కావాలి, కచేరీలూ కావాలి, ఏళ్ల తరబడి ఓపికా కావాలి. అనెక్స్ బటన్ వెనక ఉన్న ఖర్చు కూడా అలాంటిదే. ఊరు పూర్తిగా మీ మాట వింటుంది. కానీ ముందు కోర్ట్‌హౌస్ కట్టాలి. దానికి మ్యాథమెటిక్స్ తెలిసి ఉండాలి. కట్టడానికి 100 ప్రొడక్షన్ పడుతుంది, ఆ తర్వాత టర్న్‌కు 4 బంగారం ఖర్చు ఎప్పటికీ ఉంటుంది. పట్టిన కొత్తలో ఊరికి టర్న్‌కు నాలుగైదు ప్రొడక్షన్ మాత్రమే ఉంటుంది కాబట్టి, సొంతంగా కట్టాలంటే ఇరవై టర్న్‌లు దాటిపోతాయి. అంతకాలం ఆ అదనపు అసంతృప్తిని మోయాలి.

కాబట్టి ఇలా చేయండి. పట్టగానే పప్పెట్. రెసిస్టెన్స్ మొత్తం అయిపోనివ్వండి. ఈలోగా బంగారం కూడబెట్టండి. కోర్ట్‌హౌస్ కొనేంత చేతికొచ్చాక, ఒకే టర్న్‌లో అనెక్స్ నొక్కి, వెంటనే ఊరి స్క్రీన్ తెరిచి కోర్ట్‌హౌస్ కొనేయండి. ఆ అదనపు భారం మీ మీద పడే సందే ఉండదు. రాజధానులకు, అద్భుతాలున్న ఊళ్లకు, సముద్రం పక్కన ఓడలు కట్టడానికి పనికొచ్చే ఊళ్లకు ఈ ఖర్చు పెట్టండి. మిగతావి ఆట ఆఖరి దాకా పప్పెట్‌గా ఉన్నా ఏం పోదు. ఆట చివర్లో ఎంచుకునే ఆటోక్రసీ సిద్ధాంతంలో పోలీస్ స్టేట్ అనే పాలసీ తీసుకుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. కోర్ట్‌హౌస్ సగం సమయంలో అయిపోతుంది, ఒక్కోటి 3 హ్యాపీనెస్ కూడా ఇస్తుంది. అప్పుడు వరసగా అనెక్స్ చేసుకుంటూ పోవచ్చు.

సైన్సు పెంచే నేషనల్ కాలేజ్ కట్టే పనిలో ఉన్నప్పుడు అనెక్స్ జోలికి పోవద్దు. దానికి మీ ఊళ్లన్నిటిలో లైబ్రరీ ఉండాలి. పప్పెట్ ఊళ్లు ఆ లెక్కలోకి రావు, అనెక్స్ చేసినవి వస్తాయి. లైబ్రరీ లేని ఊరిని తొందరపడి కలుపుకుంటే నేషనల్ కాలేజ్ ఆగిపోతుంది. ఇది మా బామ్మర్దికి ఆ రాత్రి చెప్పేదాకా తెలియదు.

రేజ్ అంటే ఊరిని నేలమట్టం చేయడం. టర్న్‌కు ఒక జనాభా చొప్పున తగ్గుతూ ఊరు మాయమవుతుంది. అది తగలబడేంత కాలం కూడా అసంతృప్తి లెక్కలో ఉంటుంది, కాబట్టి పెద్ద ఊరిని రేజ్ చేస్తే వెంటనే ఊరట రాదు. మొదటి రాజధానులను, సిటీ స్టేట్‌లను (ఒకే ఊరున్న చిన్న రాజ్యాలను) రేజ్ చేయలేరు. ఎడారిలోనో మంచు పక్కనో కంప్యూటర్ కట్టిన రెండు మూడు జనాభా ఊరికి, లగ్జరీ ఏదీ లేకపోతే, రేజే మంచిది. స్థలం బాగుండి ఊరు మాత్రం రెండు గడులు అటో ఇటో తప్పుగా కట్టి ఉంటే, కాల్చేసి మీ సెట్లర్‌తో సరైన చోట కట్టుకోవడం కూడా తెలివైన పనే.

నాలుగో బటన్ కనిపిస్తే

మీరు పట్టిన ఊరు ఒకప్పుడు ఇంకొకరిదైతే, దాన్ని వాళ్లకే తిరిగి ఇచ్చే లిబరేట్ అనే బటన్ కూడా వస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే పప్పెట్ నొక్కేస్తారు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన బటన్ ఇదే. చెంఘిజ్ ఖాన్ లాంటివాడు పక్కనుంటే సిటీ స్టేట్‌లను ఒక్కొక్కటిగా మింగుతూ వస్తాడు. మంగోలియా సైన్యానికి సిటీ స్టేట్‌ల మీద 30 శాతం అదనపు బలం ఉంటుంది మరి. అలా మింగిన ఊరిని మీరు గెలిచి లిబరేట్ నొక్కితే ఆ సిటీ స్టేట్ మళ్లీ బతుకుతుంది, ఆ క్షణం నుంచే మీకు అలై (గట్టి మిత్రుడు) అవుతుంది. వెయ్యి బంగారం పోసినా రానంత ఇన్‌ఫ్లుయెన్స్ (దాని దగ్గర మీ పలుకుబడి) ఒక్క దెబ్బకు వస్తుంది. ఊరి అసంతృప్తి మీ మీద పడదు. అప్పటికే మీకు యుద్ధపిపాసి అనే పేరు వచ్చి ఉంటే అది కూడా తగ్గుతుంది.

ఆట నుంచి పూర్తిగా పోయిన దేశం ఊరిని విడిపిస్తే ఆ దేశం కూడా తిరిగి బతుకుతుంది. మీ మీద దానికి చాలా కృతజ్ఞత ఉంటుంది. అందరూ మిమ్మల్ని అనుమానంగా చూసే ఆఖరి యుగాల్లో ఒక్క నమ్మకమైన స్నేహితుడు ఉండటం ఎంత అవసరమో ఆడితే తెలుస్తుంది. అందుకే దాడికి వెళ్లే ముందు శత్రువు దగ్గరున్న ఊళ్ల పేర్లు చదవండి. ఆస్టెక్ దేశం మధ్యలో జెనీవా అనో, కొలంబో అనో కనిపిస్తే మొదటి గురి అదే కావాలి.

సిటీ స్టేట్‌లు: పట్టాలా, పోషించాలా

సిటీ స్టేట్ అంటే ఒకే ఊరున్న చిన్న రాజ్యం. అది విస్తరించదు, గెలవాలని చూడదు. అయిదు రకాలు ఉంటాయి. మారిటైమ్ తిండి ఇస్తుంది. కల్చర్డ్ కల్చర్ ఇస్తుంది. మిలిటరిస్టిక్ అప్పుడప్పుడు సైనికులను పంపుతుంది. మర్కంటైల్ హ్యాపీనెస్ ఇస్తుంది, అలై అయితే ఇంకెక్కడా దొరకని నగలు, పింగాణీ లాంటి లగ్జరీ కూడా ఇస్తుంది. వాటికన్‌లాంటి రెలిజియస్‌ది మతానికి పనికొచ్చే ఫెయిత్ ఇస్తుంది.

వాటితో మీ చుట్టరికాన్ని ఇన్‌ఫ్లుయెన్స్ అనే అంకె చెబుతుంది. 30 దాటితే ఫ్రెండ్. 60 దాటి, మిగతా అందరికంటే మీదే ఎక్కువైతే అలై. అలై ఒక్కరే ఉంటారు. అలై అయితే దాని దగ్గరున్న లగ్జరీలు, ఇనుము, గుర్రాలు అన్నీ మీకే. మీ శత్రువు మీద అది కూడా యుద్ధం ప్రకటిస్తుంది. చివర్లో వరల్డ్ కాంగ్రెస్‌లో దాని ఓట్లు మీ వైపు పడతాయి.

ఇప్పుడు పోల్చి చూడండి. ఆరు జనాభా సిటీ స్టేట్‌ను పట్టి పప్పెట్ చేస్తే మీకు 9 అసంతృప్తి, కొద్దిగా బంగారం, దాని లగ్జరీ వస్తాయి. దాన్ని పట్టారని మిగతా దేశాలు కోపగిస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి పడుతూ పోతే బతికున్న సిటీ స్టేట్‌లు కూడా మీకు దూరమవుతాయి. అదే ఊరిని పట్టకుండా అలైగా ఉంచుకుంటే ఆ లగ్జరీ ఎలాగూ వస్తుంది, పైన తిండో కల్చరో వస్తుంది, అసంతృప్తి సున్నా. చంద్రగిరి రాజులు పాలెగాళ్లతో సర్దుకుపోయారంటే ఏదో మెతకతనం అనుకునేవాణ్ణి. ఈ ఆటలో ఖజానా, సైన్యం, ప్రజల సంతోషం మూడూ ఒకేసారి చూసుకోవాల్సి వచ్చాక, వాళ్ల లెక్క ఏమిటో నాకు బాగా అర్థమైంది.

ఇన్‌ఫ్లుయెన్స్ సంపాదించే దారుల్లో ముందు ఖర్చులేనివి చూడండి. ఆట మొదట్లోనే స్కౌట్‌ను పంపి వీలైనన్ని సిటీ స్టేట్‌లను అందరికంటే ముందు కలవండి. మొదట కలిసినవాళ్లకు 30 బంగారం ఇస్తాయి, తర్వాత వచ్చినవాళ్లకు 15. ఊరి పేరు నొక్కితే అది అడిగే పనులు కనిపిస్తాయి. ఫలానా బార్బేరియన్ క్యాంపు తీసేయమనో, ఫలానా లగ్జరీ కలపమనో, ట్రేడ్ రూట్ వేయమనో అడుగుతుంది. ఒకే క్యాంపును రెండు సిటీ స్టేట్‌లు అడుగుతుంటే ఒక్క దెబ్బతో రెండు చోట్లా పేరు వస్తుంది. బార్బేరియన్లు ఎత్తుకుపోయిన సిటీ స్టేట్ వర్కర్ మీకు దొరికితే తిరిగి ఇచ్చేయండి. వర్కర్‌ను ఉంచుకోవాలని చేయి లాగుతుంది, నిజమే. ఇచ్చేస్తే ఒక్కసారిగా ఫ్రెండ్ హద్దు దాటేంత ఇన్‌ఫ్లుయెన్స్ వస్తుంది.

ఒక జాగ్రత్త. ఫ్రెండ్ కాని సిటీ స్టేట్ భూమి మీదుగా సైన్యాన్ని నడిపిస్తే ఇన్‌ఫ్లుయెన్స్ తగ్గుతుంది. శత్రువు మీదికి పోతూ దారిలో అలై కావాల్సినవాళ్లను కోపం తెచ్చుకునేలా చేయవద్దు.

తర్వాత బంగారం. 250, 500, 1000 అని మూడు బహుమతులు ఇవ్వవచ్చు. నాలుగు సార్లు 250 ఇవ్వడం కంటే ఒకేసారి 1000 ఇస్తే కాస్త ఎక్కువే వస్తుంది. ఇన్‌ఫ్లుయెన్స్ మామూలుగా టర్న్‌కు 1 చొప్పున కరుగుతుంది. మీకు 90 ఉంటే, మధ్యలో ఎవరూ పోటీకి రాకపోతే 30 టర్న్‌లు అలైగా ఉంటారు. అందుకని 61 దగ్గర ఆపవద్దు, రెండు మూడు టర్న్‌లకే జారిపోతుంది. సిటీ స్టేట్‌ల కోసమే ఉన్న పేట్రనేజ్ పాలసీ తెరిస్తే ఆ కరగడం 25 శాతం తగ్గుతుంది. అందులోనే కాన్సులేట్స్ తీసుకుంటే ప్రతి సిటీ స్టేట్‌తోనూ మీ ఇన్‌ఫ్లుయెన్స్ 20 కిందికి జారదు. అక్కడి నుంచి ఫ్రెండ్ కావడానికి ఇంకో పదే చాలు. నలుగురైదుగురు అలైలను పెట్టుకోదలచుకుంటే అందులోనే స్కాలస్టిసిజం దాకా వెళ్లండి. అలైల సైన్సులో 25 శాతానికి సమానమైనది మీకు కలుస్తుంది. రినైసాన్స్ యుగం వచ్చాక గూఢచారిని సిటీ స్టేట్‌లో కూర్చోబెట్టండి, ఎన్నికలను మీ వైపు తిప్పుతూ ఉంటాడు.

గ్రీస్ రాజు అలెగ్జాండర్ ఆటలో ఉంటే పోటీ తట్టుకోవడం కష్టం. గ్రీస్ ఇన్‌ఫ్లుయెన్స్ సగం వేగంతోనే కరుగుతుంది. అలాంటప్పుడు అన్ని సిటీ స్టేట్‌ల కోసం పాకులాడకుండా, మీకు తక్కువైన లగ్జరీ ఉన్న ఒకటి రెండింటిని గట్టిగా పట్టుకోండి.

సిటీ స్టేట్‌ను నిజంగానే పట్టాల్సిన సందర్భాలు నాకు రెండే కనిపించాయి. మీ ఊళ్ల మధ్యలో ఇరుక్కుని రోడ్డుకు, విస్తరణకు అడ్డుపడుతూ, శత్రువుకు అలైగా ఉండి ప్రతి యుద్ధంలో మీ వీపు మీద కొడుతున్నది ఒకటి. ఎటూ అన్ని రాజధానులూ పట్టి గెలవాలనుకుని, లోకమంతా మీ మీద యుద్ధంలో ఉన్న ఆఖరి దశ రెండోది. ఆస్ట్రియాతో ఆడుతుంటే యుద్ధమే అక్కర్లేదు. అయిదు టర్న్‌లు అలైగా ఉన్న సిటీ స్టేట్‌ను బంగారం ఇచ్చి పెళ్లి సంబంధంతో కలుపుకోవచ్చు. వెనిస్‌కైతే మర్చంట్ ఆఫ్ వెనిస్‌ను పంపి కొనుక్కోవడమే దారి, ఎందుకంటే సెట్లర్లు అసలే ఉండరు.

ట్లాటెలోల్కో సంగతి

మా బామ్మర్ది పట్టిన ఊరికి నాలుగే జనాభా మిగిలింది. ఇండియా లెక్కలో 6 ప్లస్ 2, మొత్తం 8. నిజానికి రేజ్ చేయాల్సిన ఊరే. కానీ అది మాంటెజుమా రాజధాని టెనోచ్‌టిట్లాన్‌కు పోయే దారిలో, నది పక్కన, కొండల మధ్య సందులో ఉంది. దాన్ని వదిలేస్తే మాంటెజుమా మళ్లీ అక్కడే ఊరు కడతాడు. పప్పెట్ నొక్కించాను. హ్యాపీనెస్ మైనస్ 6కు పడింది. సైన్యాన్ని రెండో ఊరి ముందు నుంచి వెనక్కి రప్పించి, మాంటెజుమాతో సంధి చేసుకోమన్నాను. సంధిలో ఒక లగ్జరీ అడిగాం, ఇచ్చాడు. పొరుగున స్నేహంగా ఉన్న సియాంతో ఇంకో లగ్జరీ మార్చుకున్నాం. రెండు నాలుగులు ఎనిమిది, తిరిగి 2కు వచ్చింది. అప్పటికి తెల్లవారుజామున నాలుగైంది.

వాడు చిత్తూరు వెళ్లిపోయాక రెండు రోజులకు ఫోన్ చేశాడు. "బావా, రెసిస్టెన్స్ అయిపోయింది. బంగారం 540 ఉంది. అనెక్స్ చేసి కోర్ట్‌హౌస్ కొనేదా?" వద్దన్నాను. ఆ ఊరికి అంత విలువ లేదు, పప్పెట్‌గానే ఉండనీ. పక్కనే మర్కంటైల్ సిటీ స్టేట్ ఉందన్నావు కదా, దానితో నీ ఇన్‌ఫ్లుయెన్స్ ఎంతుందో ముందు చూడు, ఫ్రెండ్ హద్దు దాటి ఉంటే అందులో 500 అక్కడ పెట్టు, హ్యాపీనెస్ 10 దాటాకే టెనోచ్‌టిట్లాన్ మీదికి విలుకాళ్లను కదిలించు అని చెప్పాను.